సద్దిరాళ్ల బోర్డు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, సద్దిరాళ్ల బస్‌స్టాపు దగ్గర ఉరుకుందమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఎంత మాట్లాడినా పిండి చరిచే చేతులు మాత్రం ఆగవు. కొత్తవాళ్లు దిగితే, అడగకపోయినా ఊరి పేరు కథ చెబుతుంది. పత్తి బండ్లతో ఆదోనికి పోయే రైతులు ఇక్కడి రాళ్ల మీద కూర్చుని, ఇంటి నుంచి మూట కట్టుకొచ్చిన సద్ది తినేవాళ్లట. ఆమెకు చదువు రాదు. మొన్న పెయింటర్ ధనుంజయ ఊరికి కొత్త బోర్డు రాస్తుంటే, చదివి వినిపించమంది.

"శుద్ధిరాళ్ల" అని చదివాడతను.

ఉరుకుందమ్మ చేతులు ఆగిపోయాయి. "శుద్ధి యాడిదప్పా? ఇది మా పెద్దోళ్లు సద్ది తిన్న ఊరు!"

"నాకిచ్చిన కాగితంలో అట్లే ఉందక్కా."

ఆమె తన కోసం కట్టుకున్న సద్దిమూట విప్పి, అతన్ని రాయి మీద కూర్చోబెట్టి, రొట్టె, గురెళ్లకారం పెట్టింది. అతను సగం తిన్నాక అడిగింది: "ఇప్పుడు సెప్పు, ఈడ కూసోని ఏం తింటాండావు?"

ధనుంజయ పకపకా నవ్వి, పంచాయతీకి ఫోన్ చేసి చెప్పి, పేరు చెరిపి మళ్లీ రాశాడు. "సద్దిరాళ్ల" అని గట్టిగా చదివాడు.

"ఇంగోసారి సదువప్పా" అంది ఉరుకుందమ్మ.

ఈసారి ఆగి ఉన్న బస్సులోని వాళ్లంతా కిటికీల్లోంచి అతనితో గొంతు కలిపారు.