మామ కొలిచిన దారి

నిన్న తెల్లవారి మా మనవరాలు పరుగు ముగించుకుని ఇంటి ముందుకు వచ్చి కూడా లోపలికి రాకుండా, చేతిలో ఫోను చూసుకుంటూ మా గేటుకూ ఎదురింటి కరెంటు స్తంభానికీ మధ్య అటూ ఇటూ ఉరుకుతుంటే, ఏదో పారేసుకుని వెతుక్కుంటోందనుకుని నేను కూడా కళ్లజోడు పెట్టుకుని బయటికి వెళ్లాను. సంగతేమిటంటే, ఫోనులో పది కిలోమీటర్లకు ఇంకా ఇరవై మీటర్లు తక్కువ చూపిస్తోందట, అది పూర్తయితే తప్ప ఆ అమ్మాయికి మనసు ఒప్పదట. వచ్చే నెలలో ఏదో పెద్ద పరుగు ఉంది, దానికోసమే ఈ అవస్థంతా. నువ్వు కూడా వయసులో ఉరికావట కదా తాతా, ఎంత దూరం ఉరికావో అప్పుడు ఎట్లా తెలిసేది అని అడిగింది. ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు కాదు కనుక నవ్వి ఊరుకున్నాను గాని, ఆ పూటంతా మనసు మాత్రం ఖిలా వరంగల్ నుంచి ధర్మసాగర్ దాకా పోయి వస్తూనే ఉంది.

ఎనభైల మొదటి మాట. నాకు పాతికేళ్లు నిండలేదు. బజారులో ఒక బట్టల దుకాణంలో చిన్న గుమాస్తాను, అదే దుకాణంలో మా మేనమామ పెద్ద గుమాస్తా. మీలో ఆనాటి బట్టల దుకాణాలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెల్లటి పరుపు మీద బాసిపెట్లు వేసుకుని కూర్చుని, గుడ్డ తాను విప్పి, ఇనుప మీటరు కడ్డీ మీద బట్టను సర్రున లాగి కొలుస్తుంటే చూడ్డానికే ఒక వేడుకగా ఉండేది. మామ చేతి కొలత మీద ఊళ్లకు ఊళ్లకే నమ్మకం. పరకాల నుంచి, నర్సంపేట నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు ఆయన చెయ్యి ఖాళీ అయ్యేదాకా కూర్చునేవారు తప్ప ఇంకొకరి దగ్గరికి పోయేవారు కాదు. మామకు కూడా ఆ సంగతి బాగా తెలుసు, అందుకని మీసం కొంచెం ఎక్కువే దువ్వేవాడు.

నా ఘనత ఇంకో రకం. అంతకు మూడేళ్ల ముందు పోలీసు ఉద్యోగాల ఎంపికకు పోయి, ఊరి జనమంతా చూస్తుండగా మైదానంలో నాలుగో చుట్టులో కళ్లు తిరిగి బోర్లా పడ్డాను. ఆ రోజు నుంచి బజారులో నా పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరికీ నేను నాలుగు చుట్లోణ్ని. చాయ్ దుకాణంలోనూ అదే పిలుపు, కొనడానికి వచ్చిన ఆడవాళ్ల ముందూ అదే పిలుపు. పైకి నవ్వేవాణ్ని గాని లోపల ఎంత మండేదో నాకే తెలుసు. ఆ మంటతోనే రోజూ తెల్లవారకముందే లేచి కోట గోడల వెంట ఒంటరిగా ఉరకడం మొదలుపెట్టి, రెండేళ్లలో అది మానలేని అలవాటు చేసుకున్నాను.

అటువంటి రోజుల్లో హైదరాబాదులో మారథాన్ పరుగు ఉందని, ఎవరైనా పాల్గొనవచ్చునని పేపర్లో ఒక చిన్న ప్రకటన పడింది. ఉత్తరం రాస్తే వివరాలు వచ్చాయి. నలభై రెండు కిలోమీటర్ల నూట తొంభై అయిదు మీటర్లు. పరుగు మొదలై నాలుగు గంటలు కాగానే స్టేడియం గేటు మూసేస్తారు, ఆలోగా లోపలికి వచ్చినవాళ్ల పేర్లే జాబితాలో రాస్తారు. మామ ఆ కాగితం రెండుసార్లు చదివి, ఆ నూట తొంభై అయిదు మీటర్లు ఎందుకో అర్థం కాక, వాళ్లు కూడా కొసరు వేసినట్టున్నారని తేల్చాడు. తర్వాత నన్ను అడగకుండానే, తన మేనల్లుడు హైదరాబాదులో పేరు రాయించుకుని వస్తాడని బజారంతా చెప్పి వచ్చాడు. ఇక వెనక్కి పోయే దారి లేదు. నా పేరు నాకు మళ్లీ దక్కాలంటే నాలుగు గంటల్లో ఆ గేటు దాటాలి.

ఖిలా నుంచి ధర్మసాగర్ చెరువు కట్ట దాకా పోయి వస్తే సుమారు అంత దూరం ఉంటుందని అందరూ అనేవారు గాని, కచ్చితంగా ఎంతో ఎవరికీ తెలియదు. బస్సు కండక్టరు ఒకటి చెబితే రిక్షావాడు ఇంకొకటి చెప్పేవాడు. సుమారు అనే మాట మామకు గిట్టదు. బజారులో ఒక చాంతాడు కొని, దుకాణంలోని మీటరు కడ్డీ మీద తన చేత్తోనే యాభై మీటర్లు కొలిచి, రెండు చివర్లా ముడి వేసి, దుకాణం సెలవు రోజున నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. నేను తాడు కొస పట్టుకుని ముందు నడవడం, ఆయన వెనక కొస పట్టుకుని సున్నంతో గుర్తు పెట్టడం, ఒక్కో తాడుకు ఒక్కో చింతగింజను కుడి జేబు నుంచి ఎడమ జేబులోకి మార్చడం. అట్లా నాలుగు వందల పైచిలుకు తాళ్లు. రెండు ఆదివారాలు పట్టింది, సగం దూరం లెక్క చెరువు కట్ట మీద పూర్తయిన చోట మామ సున్నంతో గీత గీశాడు.

కాజీపేట దాటాక ఊళ్లవాళ్లు మమ్మల్ని చూసి సర్వేవాళ్లనుకున్నారు. రోడ్డు వెడల్పు చేస్తారు, పొలాలు పోతాయి అని క్షణంలో పాకిపోయింది. ఒక పెద్దమనిషి పరుగెత్తుకొచ్చి మా ఇద్దరికీ చెరో చెంబు మజ్జిగ ఇచ్చి, మిరపతోట కాపు మీద ఉంది, తాడు జర అవతలి పక్కకు జరపమని బతిమాలాడు. మామ ఆయనకు ధైర్యం చెప్పి, ఇది సర్కారు కొలత కాదు, మా పిలగాడు ఉరకడానికి అని అసలు సంగతి చెప్పాక ఆయనకు భయం పోయింది గాని అనుమానం పెరిగింది. ఎవరూ తరమకుండా ఇంత దూరం ఎందుకు ఉరకాలి అని ఆయన అడిగితే, మామ చెంబు తిరిగి ఇచ్చేసి తాడు కొస అందుకున్నాడు. ఆ తర్వాత నేను ఆ దారిన ఉరికిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి తన మోటారు దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడేవాడు.

ఆ ఆరు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వారంలో ఆరు రోజులు కోట చుట్టూ చిన్న పరుగు, ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం పూర్తి దారి. అంత దూరం అన్నిసార్లు ఉరకకూడదని ఇప్పుడు మా మనవరాలు తల పట్టుకుంటుంది, మాకు చెప్పేవాళ్లెవరు? కాళ్లకు బడి పిల్లలు డ్రిల్లుకు వేసుకునే తెల్ల గుడ్డ బూట్లు. వాటి అడుగున బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన సైకిలు టైరు ముక్కలు కుట్టి ఇచ్చాడు. పొద్దున మామ దగ్గరుండి తాగించే జొన్న అంబలి, దాని వెనక ఒక పచ్చి గుడ్డు. మామ అద్దె సైకిలు మీద నా వెనకే వచ్చేవాడు, హ్యాండిలుకు నీళ్ల సీసా, చేతికి మా దుకాణం యజమాని సేటు దగ్గర అడిగి తెచ్చిన గడియారం. ఊపిరాడక నేను నెమ్మదిస్తే, సైకిలు పక్కకు తెచ్చి, దుకాణంలో బేరం చేసేవాళ్లను ఎట్లా బుజ్జగించేవాడో అట్లా నన్ను బుజ్జగించేవాడు. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లు మొదట్లో నాలుగు చుట్లోడొస్తాండని ఈలలు వేసినా, రెండో ఆదివారానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చెరువు కట్ట మీద ఆ నీళ్ల గాలి మొహానికి తగిలినప్పుడు, ఇంత దూరం నా కాళ్ల మీద వచ్చానా అని నాకు నేనే గొప్పగా కనిపించేవాణ్ని.

గడియారం మాత్రం ఒప్పుకోలేదు. మొదటిసారి నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలు. రెండోసారి నాలుగు గంటల పదకొండు. మూడోసారి ప్రాణం పెట్టి ఉరికినా నాలుగు గంటల ఆరు. అప్పటికి పరుగు ఇంకా పన్నెండు రోజులే ఉంది. కోట దర్వాజా దగ్గర మట్టిలో కూలబడి, ఆ ఆరు నిమిషాలు ఈ జన్మలో తగ్గవని నాకు నేనే చెప్పుకున్నాను. మామ గడియారాన్ని రెండుసార్లు చెవి దగ్గర పెట్టుకుని చూశాడు.

ఆ మధ్యాహ్నం మా అక్క ఇంటికి పోయి, హైదరాబాదుకు పోనని చెప్పేశాను. అక్క మా వాడలోనే ఉంటూ రవికలు, లంగాలు కుట్టేది. మిషను ఆపకుండానే అంతా విని, దారి ఎవరు కొలిచారని అడిగింది. మామే అన్నాను. మిషను ఆపింది.

“మామ కొలిచిండా? మామ చింపిన బట్ట నాకు ఎన్నడన్న తక్కువ పడ్డదా? పది మీటర్లు తెస్తే పావు మీటరు మిగుల్తది. ఆ తాడు తీస్కరాపో.”

తెచ్చాను. అక్క వాకిట్లో తాడు పరిచి టేపుతో కొలుచుకుంటూ పోయింది, వెనక నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయాను. అది యాభై మీటర్లు కాదు, యాభై ఒకటింబావు. మామ బట్ట కొలిచేటప్పుడు కడ్డీ కొసన బొటనవేలితో అదిమి పట్టి, రెండో మీటరును ఆ వేలికి అవతలి నుంచి మొదలుపెట్టేవాడు. మీటరుకు ఒక బొటనవేలి వెడల్పు ఎక్కువ పోతోందని ఇన్నేళ్లలో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. తాడుకు కూడా అదే చేశాడు. పోనూ రానూ ఎనిమిది వందల నలభై నాలుగు తాళ్లు, తాడుకు మీటరుంబావు. అక్క గోడ మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించింది, నేను ఉరకవలసిన దానికంటే ప్రతిసారీ కిలోమీటరుకు పైగా ఎక్కువ ఉరికాను. కిలోమీటరంటే ఆరు నిమిషాలు. అంటే సరిగ్గా నాలుగు గంటలు. అక్కనూ, అక్క కుడుతున్న లంగానూ కలిపి పట్టుకుని వాకిట్లో గిరగిరా తిప్పాను.

మామకు ఈ సంగతి పరుగయ్యేదాకా చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. తన చేతి కొలత తప్పిందంటే ఆయన అన్నం ముట్టడు, పైగా ఇంకో తాడు కొని దారంతా మళ్లీ కొలిపిస్తాడు. ఆ పన్నెండు రోజులూ ఆ రహస్యం కడుపులో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమయిందో చెప్పలేను. దుకాణంలో బట్టలు మడత పెడుతూ ఊరికే నవ్వేవాణ్ని. నా హుషారు చూసి మామ, గుడ్డు పని చేస్తోందని రెండో గుడ్డు కూడా మొదలుపెట్టాడు.

మామా నేనూ రైలు దిగి పోయేసరికి, హైదరాబాదులో ఆ పొద్దున నాలాంటివాళ్లు వందల మంది ఉన్నారు. కొందరి కాళ్లకు దేశం కాని దేశపు బూట్లు. నా టైరు బూట్లు చూసి ఒకతను పక్కవాడికి చూపించాడు. ముప్పై కిలోమీటర్ల దగ్గర అతనే దారి పక్కన పిక్కలు పట్టుకుని కూర్చుని ఉంటే దాటి పోయాను. సంతోషించకూడదు గాని సంతోషించాను. ఆ తర్వాత తారు కాగి, కాళ్లు నావి కాకుండా పోయి, ఏ వీధిలో ఉన్నానో కూడా తెలియని ఒక గంట గడిచింది. ఎవరో అయిదే నిమిషాలున్నాయని అరిచారు. మలుపు తిరగ్గానే స్టేడియం గేటు కనిపించింది. ఒక తలుపు అప్పటికే మూసి ఉంది.

రెండో తలుపును కాపలావాడు తోస్తున్నాడు. ఆ తలుపుకు వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి, సేటు గడియారం ఉన్న చేతిని కాపలావాడి మొహం ముందు పెట్టి మామ నిలబడి ఉన్నాడు. జీవితంలో ఎవరితోనూ గొంతు పెంచని మనిషి.

“ఇంక నిమిషమున్నది. నిమిషమంటె నిమిషమే. నలభై ఏండ్ల సంది కొలిచెటోన్ని నేను, ఒక్క గింజంత తక్కువ తీస్కోను.”

ఆయన చెయ్యి కింది నుంచి దూరి లోపల పడ్డాను. వెనక తలుపు మూసుకుంది. బల్ల దగ్గర కూర్చున్నాయన నా పేరు అడిగి, అన్ని అక్షరాలూ సరిగ్గా రాసుకున్నాడు. జాబితాలో అదే చివరిది.

తిరుగు ప్రయాణంలో రైలు జనగామ దాటాక, ఇక దాచుకోలేక తాడు సంగతి చెప్పేశాను. మామ కుడిచేతి బొటనవేలును అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాడు. నాకు భయం వేసింది. చివరికి చుట్టూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

“గంతెనా? నలభై ఏండ్ల సంది సేటు బట్ట ఎంత పోయినట్టురా మరి. జర ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకు.”

కాజీపేట వచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. మర్నాడు బజారులో చాయ్ దుకాణం ఆయన నన్ను నా పేరుతో పిలిచాడు. ఆ పిలుపు ఎంత కొత్తగా ఉందంటే, నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను.

మామ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ దుకాణం లేదు, ఆ పరుపులూ లేవు. కాజీపేట దాటాక ఆ మిరపతోటల చోట రెండు వైపులా మేడలు లేచాయి. ఆ పెద్దమనిషి భయపడ్డట్టే రోడ్డు వెడల్పయింది. ఇప్పటి పరుగుల్లో గేట్లు మూయరు, ఎంత ఆలస్యంగా వచ్చినా మెడలో పతకం వేసి పంపిస్తారు. అది మంచి పద్ధతే, నాబోటివాళ్లు మట్టిలో కూలబడే బాధ తప్పింది. వేల మంది ఉరుకుతారు, చెవుల్లో పాటలు పెట్టుకుని ఎవరికి వాళ్లే ఉరుకుతారు. నేను ఆ నలభై రెండు కిలోమీటర్లలో నిజంగా ఒంటరిగా ఉన్నది ఎంతసేపో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆ రోజు బల్ల దగ్గరాయన పేరు అడిగినప్పుడు నా పేరు ఒక్కటే చెప్పి, రాసుకోవడం చూసి పొంగిపోయాను. అక్కడ ఇంకొక పేరు కూడా చెప్పవలసి ఉండిందని నాకు అప్పుడు తట్టనే లేదు.