కొండ మీద రెండో రాయి

బనగానపల్లెలో మాది కిరాణా అంగడి. చలికాలం వచ్చిందంటే మా ఆయన ప్రతి సోమవారం తెల్లవారకముందే కుక్కను వెంటబెట్టుకుని ఎర్రమల కొండెక్కేవాడు. "రారప్పా, పోదాం" అని పిలిచేవాడు దాన్ని. నన్ను ఏనాడూ అంత మర్యాదగా పిలిచిన పాపాన పోలేదు. గడపలో నిలబడి, "నువ్వూ రాగూడదా? పైన శానా బాగుంటాది" అనేవాడు నాతో.

"అంగడి ఎవరు తెరుస్తారు, మీ కుక్కా?" అనేదాన్ని.

ఏడెనిమిదేళ్ళు ఇదే మాట. మొన్న ఎండాకాలంలో గుండె ఆగి ఆయన చనిపోయాడు.

చలి మొదలయ్యాక కుక్క రోజూ తెల్లవారుజామున గడప దగ్గరికి వెళ్ళి నిలబడేది. ఎంత అదిలించినా కదిలేది కాదు. చివరికి ఒక సోమవారం నేనే ఓడిపోయి, అంగడికి తాళం వేసి, ఆయన స్వెటర్ తొడుక్కుని బయలుదేరాను. మోచేతి దగ్గర చిరిగిన స్వెటర్ అది. కుట్టిస్తాను కుట్టిస్తాను అని నేను కుట్టించనే లేదు. చలంతా ఆ చిరుగులోంచే దూరింది.

కొండ మీద గడ్డి మంచుకు తడిసి కాలు జారుతోంది. కుక్క నాలుగడుగులు ముందుకెళ్ళి, నేను ఆయాసపడుతూ వచ్చేదాకా ఆగేది. ఆయన అంత ఇష్టంగా ఏం చూసేవాడో ఒక్కసారి చూడాలి. నాకు కావలసింది అంతే.

పైన దారి పక్కన రాళ్ళ కుప్ప ఉంది. కొండెక్కినవాళ్ళు తలా ఒక రాయి అక్కడ పెట్టడం మా వైపు అలవాటు. నేనూ ఒకటి పెట్టాను. కుక్క ఆ కుప్ప ముందు కూర్చుని లేవనంటోంది.

గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన గొంగడిలోంచి తల బయటపెట్టి చూశాడు.

"శెట్టి కుక్క గదమ్మా ఇది? ఇంగో రాయి పెట్టు, లేస్తాది. శెట్టి ఎప్పుడూ రెండు పెడతాండె."

"రెండోది ఎవరిదప్పా?"

"రాలేనోళ్ళ పేరు మీద పెడతారు గదా. నేనూ అడిగినా ఒకసారి. 'అంగట్లో కూసున్నామెది' అన్యాడు."

ముసలాయన గొర్రెల వెంట వెళ్ళిపోయాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఇన్నేళ్ళూ కాటా ముందునుంచి కదలకుండానే ప్రతి సోమవారం ఈ కొండ ఎక్కుతున్నానని నాకు తెలియదు. ఒక్కసారి నిజంగా వచ్చి ఉంటే ఏం పోయేది? ఒక పూట అంగడి మూస్తే ఊరు పస్తుండేదా? కుప్పలో నా రాళ్ళు ఏవో వెతికాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఈసారి రాలేనివాడు ఆయన. చిన్న రాయి పెట్టడానికి మనసొప్పలేదు. రెండు చేతులకూ నిండేది మోసుకొచ్చి కుప్ప మీద పెట్టాను.

"రారప్పా, పోదాం" అన్నాను. కుక్క లేచి, ఒకసారి నా వెనక్కి చూసి, నాతో నడిచింది.