ఇనుపగుంట చిట్టెం

దుర్గి దాటాక మా ఊరి గుట్ట మీద ఒక ఇనుపగుంట ఉంది. ఎప్పటివాళ్లు తవ్వారో ఎవరికీ తెలియదు. రాయి తవ్వి, బొగ్గుల్లో కాల్చి, ఇనుము తీసుకుని, మిగిలిన నల్లటి మడ్డిని గుట్ట కింద పోసి వెళ్లిపోయారట. ఆ మడ్డినే మేం చిట్టెం అంటాం. ఆమధ్య సర్వేవాళ్లు జీపులో వచ్చి, మిషన్ పెట్టి చూసి, గుంటలో ఇంకేం లేదని తేల్చారు. "చానా ఉంది లోపల, వాళ్లకేం తెలుసు" అంది మా అమ్మ.

పురిటి మంచం కింద అందరూ కత్తో కొడవలో పెడతారు, మేం చిట్టెం గడ్డ పెడతాం. బిడ్డకు ఏడాది నిండాక దాన్ని తీసుకెళ్లి గుంటలో వేయాలి. పడిన చప్పుడు వినాలి. వినపడితే గుంట ఆ బిడ్డను వదిలేసినట్టు. ఏడాది నిండకుండా పోయిన బిడ్డ గడ్డ ఇంట్లోనే ఉండిపోతుంది. దాని మాట ఎవరూ ఎత్తరు.

ఇదంతా చాదస్తమని పెళ్లికి ముందు తెగ వాదించేదాన్ని. కూతురు పుట్టాక నా నోరు మూతపడింది. మొన్న వేసవిలో పాపకు ఏడాది నిండగానే నరసరావుపేటలో బస్సెక్కి వచ్చేశాను. మోకాళ్ల నొప్పులతో గడప దాటని అమ్మ, తనూ వస్తానంది.

"ఈ ఎండలో నువ్వెందుకమ్మా?"

"నా పని నాకుంది లేవే. నడువు."

పాపను వదినకు అప్పజెప్పి పట్టపగలే వెళ్లాం. పత్తిచేల మీదుగా వచ్చే వడగాలి గుంట దగ్గర ఆగిపోయింది. లోపలి నుంచి మాత్రం తడి ఇనుము వాసనతో చల్లగాలి వస్తూ, ఆగుతూ, మళ్లీ వస్తోంది. నిద్రపోతున్న మనిషి పక్కన నిలబడ్డట్టుంది. నాకు భయమేసింది.

పాప గడ్డ వేసి, ఊపిరి బిగబట్టి విన్నాను. అడుగున ఎక్కడో ఠంగుమంది. ఏడుపొచ్చేసింది. నా బిడ్డ నాకు దక్కింది.

వెనక్కి తిరిగేసరికి అమ్మ కొంగుముడి విప్పుతోంది. లోపల ఇంకో చిట్టెం గడ్డ, చేతులు తగిలి తగిలి నునుపెక్కింది. నాకంటే ముందు పుట్టి, పాకే వయసులోనే పోయిన మా అన్నది. అది ఇంట్లో ఉందని కూడా నాకు తెలియదు.

"నేను పోతే దీన్నెవరు చూస్తారే? చెత్తలో పారేస్తారు" అంటూ గుంటలోకి వదిలింది.

చప్పుడు రాలేదు. ఎంతసేపు నిలబడినా రాలేదు. పైకొచ్చే గాలి కూడా ఆగింది. "అమ్మా, పోదాం పా" అని చెయ్యి పట్టి లాగాను.

అమ్మ కదల్లేదు. గుంటలోకి చూస్తూ, ఒళ్లో బిడ్డ నిద్ర లేస్తుందేమోనన్నట్టు, మెల్లగా అంది:

"చప్పుడెట్టా వచ్చుద్దే? వాడు పట్టుకున్నాడుగా."