అన్నాడా, ఉన్నాడా

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరి నోటా వినిపించేది కాదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ స్టెనోగారే. ముప్పై నాలుగేళ్ళు కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసిన మనిషి. జడ్జీలు మారారు, గోడల రంగులు మారాయి, కింద కుర్చీలో రెండు పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చున్న ఆవిడ మాత్రం మారలేదు. సాక్షి భోరుమన్నా, ప్లీడర్లు కొట్టుకున్నంత పనిచేసినా తల ఎత్తేది కాదు. కుడిచెవి కాస్త బోను వైపు వాల్చి రాసుకుపోయేది. ఊరందరి మాటలూ కాగితం మీదికెక్కుతాయి గానీ మొగుడివి మాత్రం ఒక్క ముక్క ఎక్కదని భర్త బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేసేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఇంటికొచ్చాక ఆవిడ చెవులకి సెలవు.

భర్త పోయాక ఆవిడకి మాట పడిపోయినట్టయింది. డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి. కూతురి దగ్గరే ఉంటోంది. కూతురు మందుల షాపు నడుపుతుంది, రోజంతా మనుషులతో మాట్లాడి వచ్చి, ఇంట్లో తల్లి మౌనం చూసి దిగులుపడేది. ఆమే కనుక్కుని, ఆరోగ్య కేంద్రంలో బుధవారం పూట పెద్దవాళ్ళకి పెట్టే జ్ఞాపకాల తరగతిలో చేర్పించింది. అక్కడ ఒక కౌన్సిలరమ్మాయి అందరికీ తలా ఒక లావుపాటి పుస్తకం ఇచ్చింది. ప్రతి పేజీకీ పైన ఒక ప్రశ్న, కింద అంతా ఖాళీ. రోజుకో పేజీ రాయాలి, తప్పొప్పుల గొడవ లేదు, చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి అని చెప్పింది.

మొదటి ప్రశ్న చిన్నప్పటి ఇంటి గురించి. స్టెనోగారు మధ్యాహ్నం భోజనమయ్యాక కిటికీ దగ్గర కూర్చుని, వణికే చేత్తో, వంకరటింకర అక్షరాలతో, ఇరుకు మెట్లున్న ఆ ఇంటి గురించి అరపేజీ రాసింది. మర్నాడు పుస్తకం తెరిస్తే ఆ రాత కింద ఒక షార్ట్‌హ్యాండ్ గుర్తు కనిపించింది. న, డ. అంతే.

షార్ట్‌హ్యాండులో హల్లుకి గీత, అచ్చుకి పక్కన చుక్క. మనిషి వేగంగా మాట్లాడుతుంటే చుక్కలు పెట్టే తీరిక ఉండదు. గీతలు మాత్రం లాగేసి, తరవాత టైపు చేసేటప్పుడు ముందువెనకల మాటలని బట్టి పోల్చుకోవాలి. న, డ అంటే నీడ కావచ్చు, నాడు కావచ్చు. ఆవిడ నీడ అని చదువుకుంది. పరధ్యానంగా తనే గీసి ఉంటాననుకుని పేజీ తిప్పేసింది.

మూడో రోజూ అదే గుర్తు. అయిదో రోజూ అదే. పెళ్ళి గురించి రాసినా, మొదటి జీతం గురించి రాసినా, కింద అదే. ఆవిడని కలవరపెట్టింది గుర్తు కాదు, ఆ గీత. సన్నంగా మొదలై ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తి, ఒక్క వణుకు లేకుండా ఉంది. అలా గీసే చెయ్యి ఆవిడకి పోయి పదేళ్ళు దాటింది. ఇంట్లో ఇంకెవరికీ ఆ రాత రాదు. ఒక మధ్యాహ్నం పుస్తకాన్ని ఒళ్ళో తెరిచి పెట్టుకుని, రెప్ప వాల్చకుండా మూడు గంటలు చూసింది. ఏమీ కాలేదు. లేచి మంచినీళ్ళు తాగొచ్చేసరికి గుర్తు ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

ఆ బుధవారం తరగతిలో పదిమంది గుండ్రంగా కూర్చున్నారు. కౌన్సిలరమ్మాయి ఆ రోజు ప్రశ్న చదివింది: మీరు సరిగ్గా వినకుండా వదిలేసిన మాట ఏదైనా ఉందా? స్టెనోగారు కలం మూత కూడా తియ్యలేదనుకుంది. కిటికీలోంచి ఎండ చూస్తున్నాననుకుంది. పక్కన కూర్చున్న రిటైర్డ్ బస్సు డ్రైవరు మోచేత్తో మెల్లగా తట్టాడు.

"ఇంత వేగంగా రాస్తున్నారే, ఎవరు చెప్తున్నారండీ?"

చూసుకుంటే పేజీ షార్ట్‌హ్యాండ్ గీతలతో నిండిపోయింది. కలం చేతిలో ఉంది. మెడ పట్టేసింది, తల కుడివైపుకి వాలి ఉంది. అటువైపు కుర్చీ ఖాళీ. పదినిమిషాలుగా ఆ కుర్చీకేసి చెవి పెట్టి మీరు తల ఊపుతూనే ఉన్నారని డ్రైవరు అన్నాడు.

ఆవిడ పేజీ చదివింది. మొదటి రెండు వరసలకే కేసు గుర్తొచ్చింది. ఒక గోదాము తగలబడి లోపల కాపలావాడు చనిపోయాడు. ముందురోజు అతనితో తగువు పడిన ఇరవై రెండేళ్ళ హమాలీ మీద నేరం మోపారు. సాక్షి ఒక పెద్దావిడ, చదువు రాదు. పేజీలో ఆమె చెప్పింది చెప్పినట్టు ఉంది. మంటలు లేచిన రాత్రి గోదాము మేనేజరు ఎదురొచ్చాడు. మా కుర్రాడెక్కడండీ అని అడిగాను. గోదాము దగ్గరే అన్నాడు.

ఈసారి న, డ గుర్తు పక్కన చుక్క ఉంది. అన్నాడు.

ఆ రోజు ఆవిడ టైపు చేసింది "ఉన్నాడు" అని. ఇంటి దగ్గర చంటిదానికి జ్వరం. సాయంత్రం అయిపోయింది, మనసు ఇంట్లో ఉంది, చుక్క లేని గీతని తోచినట్టు చదివేసింది. సాక్షికి చదివి వినిపించినట్టు కింద రాశారు గానీ ఎవరూ వినిపించలేదు. ఆమె వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. మేనేజరు చెప్పిన మాట, కళ్ళారా చూసిన మాటయిపోయింది. తీర్పులో జడ్జి ఆ వాక్యాన్నే ఎత్తి రాశాడు. కుర్రాడికి ఎనిమిదేళ్ళు పడింది.

పేజీ అక్కడితో ఆగలేదు. అడుగున ఇంకో జవాబు ఉంది. కోర్టులో ఎవరూ చెప్పనిది.

నేను చూడలేదమ్మా. నువ్వు రాసుకుంటున్నావు కదా అని ధీమాగా ఉన్నాను.

కూతురు అంతా విని తల్లి చెయ్యి పట్టుకుంది. నలభై ఎనిమిదేళ్ళ కిందటి సంగతనీ, వయసు మీదపడితే మనసు ఇలాంటివి అల్లుతుందనీ, డాక్టరుని కలుద్దామనీ నచ్చజెప్పబోయింది.

"మనసు అల్లితే ఎలా ఉంటుందో నాకు తెలుసే," అంది స్టెనోగారు. "ఇది డిక్టేషను."

కోర్టు రికార్డు గదిలో ఆ ఫైలు లేదు. గడువు దాటిన కాగితాలని ఎప్పుడో చింపేశారు. పాత జవాను ఒకాయన మాత్రం ఆ హమాలీ బతికే ఉన్నాడనీ, మార్కెట్టు వెనక సైకిళ్ళు బాగుచేస్తాడనీ చెప్పాడు. కూతురు షాపు మూసి తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

డెబ్బై ఏళ్ళ మనిషి ముక్కాలిపీట మీద కూర్చుని చక్రం వంకర తీస్తున్నాడు. స్టెనోగారు నిలబడే చెప్పింది, తను ఎవరో, ఏం రాసిందో. ఆవిడ చెబుతున్నంతసేపూ అతను చక్రం తిప్పుతూనే ఉన్నాడు. చివరికి అరచెయ్యి అడ్డంపెట్టి ఆపాడు.

"ఆవిడ మా పెద్దమ్మ. నన్ను పెంచింది," అన్నాడు. "నెలనెలా జైలుకొచ్చేది. చూశానని చెప్పలేదురా, అన్నాడనే చెప్పానురా అని ఊచలు పట్టుకుని ఏడ్చేది. కాగితం మీద ఇంకోలా ఉంది కదా. నేను కాగితాన్నే నమ్మాను."

మూడో ఏడు నుంచీ ఆమె వస్తే చూడనని చెప్పి పంపేశాడట. ఆమె పోయినట్టు కబురొస్తే వెళ్ళలేదట. ఆ మాటలు స్టెనోగారితో కాదు, చక్రంతో చెప్పినట్టు చెప్పాడు. ఎనిమిదేళ్ళ గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

చక్రం పక్కన పెట్టి ఆ పేజీ చదవమన్నాడు.

కోర్టులో చదివినట్టే, రాగం లేకుండా, గబగబా చదివేద్దామనుకుంది ఆవిడ. గొంతు మాట వినలేదు. ప్రతి మాట చివరా సాగదీస్తూ, మధ్యలో చిన్నగా దగ్గుతూ, బొంగురుగా వచ్చింది. కూతురు తల్లికేసి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అతను పీట మీంచి లేచి నిలబడ్డాడు.

"ఆవిడ మాట మీకెలా వచ్చింది?"

"నాకు తెలియదు బాబూ," అంది స్టెనోగారు, తన మామూలు గొంతుతో.

ఆవిడ జరిగిందంతా మామూలు తెలుగులో రాసి, సంతకం చేసి కోర్టుకి పంపింది. ఫైలు లేదు కాబట్టి చేయగలిగింది లేదని నెల తరవాత జవాబొచ్చింది. ఆ కాగితం తీసుకెళ్ళి చూపిస్తే, నన్ను ఎనిమిదేళ్ళు దాచినవాళ్ళకి ఒక కాగితం దాచడం చేతకాలేదా అని అతను నవ్వాడు. క్షమించానని అనలేదు. ఆవిడా అడగలేదు.

పుస్తకంలో ఆ తరవాత గీతలు రాలేదు. మిగిలిన పేజీలన్నీ ఆవిడ వణికే అక్షరాలతోనే నిండాయి. కానీ అతను నెలకోసారి, ఆదివారం పొద్దున్నే, నూనె మరకలు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని రావడం మొదలుపెట్టాడు. పెద్దగా మాట్లాడడు. ఆ ఒక్క పేజీ చదివించుకుని, టీ తాగి వెళ్ళిపోతాడు. కూతురు ఆ కాసేపూ వంటింట్లోంచి బయటికి రాదు. గదిలోంచి వచ్చే గొంతు అమ్మది కాదని తన భర్తతో ఒకసారి అంది. ఆయన పేపరు మడిచి, తనూ వింటూనే ఉన్నానని చెప్పాడు.

కిందటి నెల అతను వచ్చినప్పుడు కూతురు టీ గ్లాసుతో గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. పేజీ చదవడం పూర్తయింది. ధీమాగా ఉన్నాను అన్న ఆఖరి మాట వినిపించింది. తరవాత ఒక దగ్గు.

"తిన్నావురా?"

"తిన్నాను పెద్దమ్మా," అన్నాడు అతను.

అతను వెళ్ళాక కూతురు లోపలికెళ్ళి పుస్తకం తీసి ఆ పేజీ అడుగుదాకా వేలితో చూపించి, ఆఖరి వరసలో ఏముందో చదవమంది. స్టెనోగారు కళ్ళజోడు సర్దుకుని చదివింది. ధీమాగా ఉన్నాను. అంతే ఉంది. ఇంకేమైనా చదివావా అమ్మా అని కూతురు అడిగింది.

"ఉన్నదే కదే చదువుతాను," అంది ఆవిడ. "లేనిది చదివితే ఏమవుతుందో చూశాం కదా."