వ్యానెక్కిన వంటింటి స్టవ్వు

మా బావ, అంటే మా ఇంటాయన అన్న, ఒక వ్యాను కొన్నాడు. కోయంబత్తూరులో మా మిల్లుకు కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన దొర ఒకడు తన దేశం నుంచి దాన్ని రోడ్డు మీదే నడుపుకుంటూ వచ్చి, తిరిగి పోయేటప్పుడు అమ్మేసి పోయాడు. లోపల పడుకోను పలకలు, చిన్న బీరువా, చేతులు కడుక్కునే తొట్టి, బల్లలోకి దిగేసిన రెండు బుల్లి గ్యాసు పొయ్యిలు. చక్రాల మీద ఇల్లు. ఊళ్లో అలాంటిది ఇంకెవరికీ లేదని బావకు గర్వం.

బావ ఆ మిల్లులో భాగస్తుడు. మా ఇంటాయన అదే మిల్లులో ఫిట్టరు. ఇల్లు ఒకటే అయినా వంటిళ్లు రెండు. వాళ్ల వంటింట్లో గ్యాసు స్టవ్వు, మా వంటింట్లో రంపపు పొట్టు పొయ్యి. వాళ్లింటికి పెద్దమనుషులు వస్తే మాత్రం వంట నాది.

కారమడై గుడి తేరు పండక్కు మిల్లు పెద్దలందరినీ వ్యానులో తీసుకుపోయాడు బావ. ఆయన పెళ్లాం, నేను అక్కా అని పిలిచే తోటికోడలు, పట్టుచీరలో వాళ్ల మధ్య కూర్చుంది. నేను వెనక అన్నం వండే పెద్ద గిన్నె, గుండాతో తిప్పలు పడ్డాను. ఆ పొయ్యిలు దొరకూ దొరసానికీ గుడ్లు వేయించుకోను సరిపోతాయేమో, పదిమంది అన్నానికి కాదు. మంట దీపమంత. కిటికీలో గాలి కొడితే అదీ ఆరిపోయేది. అడుగు మాడింది, నడుమ బియ్యం పలుకు పలుకుగా మిగిలింది.

బావ ఆకులోంచి పిడికెడు అన్నం తీసి, అందరూ చూసేలా నలిపి కింద వదిలాడు.

"మా తమ్ముడు చేసుకొచ్చింది కూలోళ్ల పిల్లని. అంబలి కాయడం తప్ప అన్నం వండడం వాళ్లింట్లో ఎవరికి తెలుసు?" అన్నాడు.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. మా ఇంటాయన తల వంచుకున్నాడు. మా నాయన ఆ మిల్లులోనే దూది దుమ్ము మింగి మింగి దగ్గుతో పోయినవాడు. ఆయనకు మా అమ్మ రోజూ మిల్లు గేటు దాకా మోసింది ఆ అంబలే. అది బావకు తెలుసు. ఆకులు మడిచి అందరూ హోటలుకు పోయారు. గుండా ఎత్తి ఆవుల ముందు కుమ్మరించింది నేనే. ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా వెనక సీట్లోంచి బావ మెడనే చూస్తూ కూర్చున్నాను. ఈ మెడ ఒకనాడు వంగాల అనుకున్నాను.

కొన్ని నెలలకు ఆ రోజు వచ్చింది. బోడినాయకనూరు ఏలక్కాయల వ్యాపారి ఒకాయన మిల్లులో భాగం తీసుకునేలా ఉన్నాడు. ఆయన్ని వ్యానులో అక్కడి కొండకింద తోటకు తీసుకుపోయి భోజనం పెట్టాలని బావ ఎత్తు. అత్త వాకిట్లో కూర్చునుండగా నా దగ్గరికి వచ్చి, ఈసారి అన్నం చెడితే నా మొగం చూడనన్నాడు. ఏం కావాలో అది ఎత్తుకో, నన్ను అడగద్దు అన్నాడు.

అత్తకు వినబడాలని మళ్లీ అడిగాను. "ఏదైనా ఎత్తుకోవచ్చునా బావా?"

"ఎత్తుకో అంటినే."

అక్క అప్పుడు చిన్నమనూరులో పుట్టింట ఉంది. బావ పగలూ సాయంత్రమూ మిల్లులోనే. తన సెలవునాడు నేను అనుకున్నది చెబితే మా ఇంటాయన జంకాడు. అన్నతో పగ మనకెందుకు అన్నాడు. కారమడైలో నోరు విప్పలేదు కదా, ఇప్పుడూ విప్పొద్దు, మరలు విప్పే పానాలు తీసుకొస్తే చాలు అన్నాను. పానాల పెట్టె తెచ్చాడు.

వ్యాను పొయ్యి మరలు విప్పి పైకి లాగాడు. బల్లలో పడ్డ కంత మీద మందపాటి పలక, దానిపైన రేకు కొట్టాడు. అక్క వంటింటి స్టవ్వు తెచ్చి దాని మీద నిలబెట్టి, బండి కదిలితే జారకుండా కాళ్ల చుట్టూ ఇనుప పట్టీలు బిగించాడు. వెనక చెక్కకు వేడి తగలకుండా అక్కడా రేకే. సిలిండరును నిలువుగా పెట్టి పట్టీతో కట్టి, కొత్త రబ్బరు గొట్టం వేసి, అతుకుల మీద సబ్బు నురగ రాసి చూశాడు. బుడగ రాలేదు. దొర పొయ్యిని తీసుకుపోయి అక్క వంటింట్లో ఇంకో సిలిండరుకు బిగించాడు. నేను దాన్ని చింతపండుతో తళతళా తోమాను. అంత సంతోషంగా నేనెప్పుడూ గిన్నె తోమలేదు.

బోడినాయకనూరు తోటలో మంట అన్నం గుండా కింద అడుగంతా పరుచుకుంది. అన్నం మల్లెమొగ్గల్లా వచ్చింది. వ్యాపారి రెండోసారి, మూడోసారి పెట్టించుకున్నాడు. బావ పొంగిపోయి, అంతా దొర పొయ్యి మహిమ, చూద్దురు రండి అని ఆయన్ని వ్యాను దగ్గరికి తెచ్చాడు. లోపలికి తొంగిచూసి ఆగిపోయాడు.

"దొర పొయ్యి కాదు బావా, ఇది మా అక్క స్టవ్వు," అన్నాను. "ఏదైనా ఎత్తుకోమంటిరి, ఎత్తుకొచ్చినాను. దొర పొయ్యి మీ వంటింట్లో ఉండాది. రేపటినించి మీకు అన్నం దాంట్లోనే."

వ్యాపారి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. బావ నేల చూశాడు.

అక్క ఊరినించి వచ్చి గొడవకు దిగితే, ఏదైనా ఎత్తుకోమని వాడే చెప్పినాడు, నేను విన్నాను అంది అత్త. అక్కకు వేరే దారి లేకపోయింది. ఆ బుల్లి మంట మీద వండింది, బావ పలుకులు నమిలాడు. మధ్యాహ్నం అన్నం వేళకు మిల్లు సైరను, ఆ సంగు ఊదగానే నేను గోడవతల చెవి పెట్టేదాన్ని, ఆయన అన్నం తట్ట పక్కకు తోసే చప్పుడు కోసం.

స్టవ్వు మార్చమని బావ తమ్ముణ్ణి అడిగితే, నా పెళ్లాన్నే అడుగు అన్నాడట. చివరికి బావ మా వంటింటి గడప దాకా వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. స్టవ్వు మార్చమని వాడితో చెప్పమ్మా అన్నాడు.

"కారమడైలో అన్న మాట అత్త ముందర ఇంకొకసారి అనండి. మా నాయన తాగిన అంబలి మాట. అప్పుడు మారుస్తాము."

బావ గడప దగ్గరినించే వెనక్కి తిరిగాడు. వెళ్లిపోయాడు.

ఆ వ్యాపారి మిల్లులో భాగం తీసుకోలేదు గానీ వ్యాను మాత్రం కొన్నాడు, స్టవ్వుతో సహా అయితేనే అని. కొత్త స్టవ్వు వచ్చేదాకా అక్కకు దొర పొయ్యే గతి అయింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు జాలి పుట్టదు.

తరవాత విందులకు బావ నన్ను వండమనలేదు. హోటలునించి కారియర్లు తెప్పించాడు. మొదటి విందునాడు నేను పట్టుచీర కట్టుకుని వరసలో అక్క పక్కనే ఆకు ముందు కూర్చున్నాను. వడ్డించేవాణ్ణి పిలిచి సాంబారు ఇంకొంచెం పొయ్యమన్నాను.