క్యానులో చిటికెడు పసుపు

హుస్సేనీ ఆలంలో మాది పాల వ్యాపారం. లైసెన్సు తీసుకున్న కొత్తలో ఒక పొద్దున ఫుడ్ సేఫ్టీ అధికారి నమూనా కోసం వచ్చాడు. ఆయన సీసాలు తీసేలోగా అమ్మ క్యానులో చిటికెడు పసుపు వేసేసింది.

"ఏం కలిపినవమ్మా?" అని అడిగాడాయన.

"పసుపు బిడ్డా. కొత్త మనిషివి పాలు చూసినవ్ కదా, బర్రెకు దిష్టి తగుల్తది."

ఇక కల్తీ కేసేనని గబగబా ఆ క్యాను మూత పెట్టేశాను. ఆయన ఇంకో క్యాను తెరిపించి నమూనా తీసుకున్నాడు.

"ఆ పసుపు పాలు అమ్మకుండ్రి, ఇంట్ల తాగుండ్రి. ఇగ నుంచి పసుపు బొట్టు క్యానుకు బయట పెట్టమ్మా."

ఆ పచ్చటి పాలు రెండు పూటలా తాగాం.

అమ్మ పోయాక రోజూ క్యానుకు బయటే బొట్టు పెడుతున్నాను. మూత తీస్తే పాలు మరీ తెల్లగా కనిపిస్తాయి.