ఏడో చాంబరులో నా దగ్గు

ఈ ఉదయం మేం టిక్కీలనే మిర్చి బస్తాలు వేసుకున్న లారీ ఒకటి మా వీధిలోంచి వెళ్ళింది. అది మలుపు తిరిగాక కూడా ఘాటు మాత్రం వీధిలోనే ఉండిపోయింది. ఎదురింటి కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పాలు పోసే మనిషి కేను కింద పెట్టి మరీ తుమ్మాడు. నాకు షంషాద్ గుర్తొచ్చింది. నిజానికి ఆమెకూ మిర్చికీ ఏ సంబంధమూ లేదు. కంప్యూటరు నేర్పే టీచరు, మా పక్క వాటాలో అద్దెకుండేది, వయసులో నాకు కూతురి లాంటిది. గురువనేవాడు మనకన్నా పెద్దవాడై ఉండాలని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆమె గోడవతల చేరాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

షంషాద్ తయారుచేసిన కంప్యూటరు ఆటలో సగం బుర్ర నాదేనని సాయంత్రం బెంచీ మీద కూర్చునే మా ముసలాళ్ళందరికీ చెప్పి ఉన్నాను. సగం కాదు. పావు కూడా కాదు. ఎంతో మీరే తేల్చుకుందురుగాని. ఆమె కంప్యూటరు సెంటరు మూతపడ్డాక ఇంట్లోనే కూర్చుని ఈ ఆట మొదలుపెట్టింది. పేరు 'ఏడో చాంబరు'. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ, అందులో బస్తాలు పేర్చే చాంబర్లనే చలిగదులు. ఆడేవాళ్ళు అందులో కొత్తగా చేరిన గుమాస్తా అన్నమాట. బస్తాలు మోసే ముఠాలో ఒకడు ఎప్పుడో చనిపోయాడు, అయినా రోజూ పనికి వస్తూనే ఉన్నాడు. వాడెవడో కనిపెట్టాలి. దారిలో తాళాలు, తలుపులు, చిక్కుముళ్ళు, చీకట్లో అడుగుల చప్పుడు. నేను అలాంటి కోల్డ్ స్టోరేజీలోనే సూపర్‌వైజరుగా జీవితమంతా గడిపినవాణ్ణి కాబట్టి ఆమె నన్ను పట్టుకుంది. తలుపు తీసినప్పుడు చలి పొగలా ఎలా కిందికి దిగుతుందో, బస్తాల వరసల మధ్య సందు ఎంత ఇరుకో అన్నీ చెప్పాను. మా చాంబరులో నేను దయ్యాన్ని కళ్ళారా చూశానని కూడా చెప్పాను. అది పిల్లి.

ఆమెకు ఇదంతా కాలక్షేపం కాదు. అన్న కరీముల్లాకు చీమకుర్తి రోడ్డులో టైర్ల షాపుంది. గ్రానైటు లారీలు ఆగే చోటు, బేరానికి కొదవలేదు. "ఆటలు కట్టిపెట్టి షాపులో కూర్చుని లెక్కలు చూడు" అని అతను ఏడాదిగా పోరుతున్నాడు. చివరికి అన్నాచెల్లెళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త మిర్చి కాయ మార్కెట్ యార్డుకు వచ్చేలోపు ఈ ఆట నలుగురి మెప్పూ పొందితే ఆమె దారిన ఆమెను వదిలేస్తాడు. లేకపోతే కంప్యూటరు మూసేసి చీమకుర్తి బస్సెక్కాలి. అతను దుర్మార్గుడేమీ కాదు. చెల్లెలు తిండి మానేసి తెర ముందు కూర్చుంటే ఏ అన్న చూస్తూ ఊరుకుంటాడు?

ఆట విడుదలైంది. ఆడినవాళ్ళ అభిప్రాయాలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. మా రెండు వాటాలకూ మధ్య నడుము ఎత్తు గోడ. పొద్దున్నే ఆమె ఫోను పట్టుకుని అటు, నేను కాఫీ గ్లాసు పట్టుకుని ఇటు. "అమ్మో, చాంబరు తలుపు తెరుచుకోగానే హెడ్‌ఫోన్సు విసిరికొట్టా" అని ఒకరు రాశారు. "ఇంత ఉక్కపోతలో దుప్పటి కప్పించారు" అన్నారు ఇంకొకరు. ఇద్దరం గోడ మీద చేతులు వేసుకుని మురిసిపోయాం. తరవాత గాలి మారింది. "అన్నీ బాగున్నాయి, చివర్లో చెడగొట్టారు. దయ్యం ఎవడో మీకైనా తెలుసా?" అని వరసగా అదే ఫిర్యాదు. చిలకలూరిపేట నుంచి ఒకతను మరీ ఘాటుగా రాశాడు: "ఇది చేసినవాళ్ళు జన్మలో మిర్చి బస్తా దగ్గరికి పోయుండరు." ఆ పూట షంషాద్ గోడ దగ్గరికి రాలేదు.

నేను ఊరుకోలేకపోయాను. కళ్ళజోడు తుడుచుకుని నా అభిప్రాయం రాశాను. 'నాబోటి గుండె ధైర్యం గలవాణ్ణే గజగజలాడించిన ఆట. ఒక్క బిగిన ముగించాను. చివరి ఘట్టం అమోఘం.' పైన ఇవ్వగలిగినన్ని నక్షత్రాలు. మర్నాడు ఆమె గోడ దగ్గరికి వచ్చింది.

"బాబాయ్ గారూ, మీ రివ్యూ చదివా."

"ఉన్నమాటేగా రాశానమ్మా."

"చివర్లో లిఫ్టు పక్కన నిలబడ్డవాణ్ణి చూసి భయపడ్డారా?"

"భయమా! గుండె జారి చేతిలో పడిందనుకో. ఆ తెల్ల లుంగీ, ఆ చూపు..."

"ఏ రంగు లుంగీ అన్నారు?"

"తెలుపు. కాదు కాదు, గళ్ళది."

"ఆటలో అసలు లిఫ్టే లేదు, బాబాయ్ గారూ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "బాగుంది బాగుంది అనేవాళ్ళు నా స్నేహితుల్లో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ మాటలతో ఆట బాగుపడదు. కొత్త కాయ వచ్చే రోజులు దగ్గరపడ్డాయి, అన్న వస్తాడు. మీరు ఎక్కడ ఆగిపోయారో అది చెప్పండి, అది నాకు కావాలి" అంది. గొంతులో కోపం లేదు, అవసరం ఉంది. పొగడ్త ఒక మనిషికి అంత పనికిరాకుండా పోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"ముఠాలో అందరికన్నా ఎక్కువ దగ్గుతూ ఉంటాడే, సుబ్బయ్య, వాణ్ణి పట్టిచ్చా. ఎన్నిసార్లు పట్టిచ్చినా తప్పంటాడేంటమ్మా నీ కంప్యూటరు?" అన్నాను.

"దగ్గేవాణ్ణి పట్టిస్తారేంటండీ? దగ్గనివాడు కదా దయ్యం! అంత ఘాటులో ప్రాణమున్న మనిషి దగ్గకుండా ఉంటాడా?"

నాకు నవ్వాగలేదు. "అదా సంగతి! ఆ చిలకలూరిపేట అబ్బాయి తిట్టాడంటే తిట్టడూ? ముఠావాళ్ళు దగ్గుతారటమ్మా? దగ్గితే మేస్త్రి 'ఏరా, కొత్తపెళ్ళికొడకా' అని నలుగురిలో ఆడుకుంటాడు. దగ్గేవాడే మా లెక్కలో బయటివాడు. అంతెందుకు, ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒక్కసారంటే ఒక్కసారి దగ్గానేమో వెళ్ళి కనుక్కో పో."

షంషాద్ గోడ మీదికి వంగింది. తరవాత మెల్లగా అడిగింది. "మరి రోజూ తెల్లారుజామున ఈ గోడవతల దగ్గేదెవరు, బాబాయ్ గారూ?"

నా జీవితంలో నాకు జవాబు దొరకని ప్రశ్నలు తక్కువ. ఇది కూడా గొప్పే, కొంచెం తగ్గించుకుని చదువుకోండి. కానీ ఆ ప్రశ్న వినగానే చేతిలో కాఫీ గ్లాసు గోడ మీద పెట్టేశాను. ఆ దగ్గు సంగతి నాకూ మా ఆవిడకూ తప్ప మూడో మనిషికి తెలియదనుకున్నాను. బతికున్నన్నాళ్ళూ ఆమె ఏమీ అడగకుండా మంచం పక్కన వేడినీళ్ళు పెట్టేది. నేనూ ఏమీ చెప్పకుండా తాగేవాణ్ణి. ముఠావాళ్ళ ఇళ్ళలోనూ ఇదే తంతు అని నాకు తెలుసు. పని దగ్గర దాన్ని మింగేస్తాం. ఇంటికి మోసుకొచ్చి, గోడ వైపు తిరిగి పడుకుని దగ్గుతాం. ఇంత తెలిసీ, ఆటకు కావలసిన వివరాలు చెప్పమన్నప్పుడు దయ్యం కథ చెప్పాను గాని ఇది చెప్పలేదు. చెప్పదగ్గ విషయమని తోచనే లేదు. ఇప్పుడు చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని మొత్తం విని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత చాలా రోజులు ఆమె తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఆటకు కొత్త ముగింపు వచ్చింది. చాంబరులో ఇప్పుడు కొత్తవాడు సుబ్బయ్య తప్ప ఒక్కడూ దగ్గడు. ఆడేవాళ్ళు పని దిగిన ముఠా వెంట వాళ్ళ పేటకు వెళ్ళాలి, తెల్లారుజామున ఒక్కో గుమ్మం ముందూ నిలబడి వినాలి. ఇంటింటా దగ్గు. ఒక్క ఇంట్లో మాత్రం నిశ్శబ్దం. మూలన మడతపెట్టిన మంచం. అంతే, దయ్యం దొరికింది. అరుపూ లేదు, కేకా లేదు. నాకు ఒళ్ళు జలదరించింది. ఈసారి అబద్ధం కాదు.

ఆ దగ్గుల్లో ఒకటి నాది. మైకు నా ముందు పెట్టిన రోజున ఎంత ప్రయత్నించినా రాలేదు. సరే అని దొంగ దగ్గులో ప్రతిభ చూపించాను.

"నాటకాలాడకండి, బాబాయ్ గారూ."

"రావట్లేదమ్మా! పిలిస్తే వచ్చే చుట్టమా అది?"

కబుర్లలో పడ్డాక దానంతటదే వచ్చింది. ఆమె వేలు రికార్డు మీట మీదే ఉంది.

కొత్త కాయ యార్డుకు రాకముందే కరీముల్లా వచ్చాడు. అభిప్రాయాలు అప్పటికే మళ్ళీ వస్తున్నాయి. చిలకలూరిపేట అతను తన పాత మాటలు తీసేసి, "ఆట ఆపి మా నాన్నకు ఫోను చేశా" అని రాశాడు. అన్న అవేవీ చదవలేదు. "ఏదీ, నన్ను ఆడనీ" అని కూర్చున్నాడు. తాళాల దగ్గర విసుక్కున్నాడు, చెల్లెల్ని అడిగి అడిగి ముందుకు పోయాడు. పేటలో మొదటి గుమ్మం దగ్గర ఆగాడు. లోపలి నుంచి దగ్గు వినిపించింది. మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"నాన్నది పెట్టావా?" అన్నాడు.

వాళ్ళ నాన్న చీమకుర్తిలో రాళ్ళు కోసే యూనిట్లో పనిచేసి, దగ్గుతూ దగ్గుతూనే పోయాడని నాకు అప్పుడే తెలిసింది.

"కాదన్నా. బాబాయ్ గారిది."

అతను నావైపు తిరిగి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాడు. చివరిదాకా ఆడాడు. టీ తాగాడు. వెళ్ళేటప్పుడు టైర్ల షాపు మాట ఎత్తలేదు. గుమ్మం దాటాక మాత్రం "వేళకి తిను" అన్నాడు. అంతకంటే పెద్ద రివ్యూ ఆ ఆటకు ఇంకెవరూ రాయలేదని నా అభిప్రాయం.

షంషాద్ ఇప్పుడు ఒంగోలులో ఇంకో ఇద్దరిని కూడగట్టుకుని కొత్త ఆట చేస్తోంది. ఇల్లు ఖాళీ చేసే ముందు నా దగ్గుకు ప్రతిఫలం ఇస్తానని చెప్పి ఆటో ఎక్కించింది. ఆటో ఆసుపత్రి దగ్గర ఆగింది. డాక్టరు గారు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. వాతావరణం మారింది కదండీ, ఒక వారంగా, అనే జవాబు ఎప్పటిలాగే నాలుక చివరికి వచ్చింది. పక్కన షంషాద్ నావైపు చూడలేదు.

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీనండీ" అన్నాను.

డాక్టరు గారు రాయడం ఆపి తలెత్తారు. ఎంత పెద్ద గొప్ప చెప్పినా నావైపు ఎవరూ అలా చూసి ఎరగరు. అప్పటి నుంచి, ఎవరు ఏది అడిగినా ముందు ఉన్నది చెబుతున్నాను. గొప్పలు తరవాత.